త్రో నుంచి పడ్డ గోలు, ఖతార్ గోలు: రెండూ ఒకటి కాదండి

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ముందు చెప్పేస్తాను, మిగతావాళ్లకీ సంగతి తెలుస్తుంది. పాలకొల్లు పక్కన మీ ఊళ్లో సంక్రాంతికి పెట్టిన ఫుట్‌బాల్ పోటీల ఫైనల్ అది. మీ జట్టు 1-0తో ఓడింది. ఆ ఒక్క గోలూ అవతలివాళ్లు పక్క గీత దగ్గరనుంచి చేతులతో దూరంగా విసిరిన లాంగ్ త్రో. ఎవరికీ తగలకుండా నేరుగా వలలో పడితే రిఫరీ గోలిచ్చేశాడు. అంతకుముందు మీవాడు కొట్టిన గోలుని ఆఫ్‌సైడని, అంటే బంతి అందించేటప్పటికే డిఫెండర్లని దాటి ముందున్నాడని, రద్దు చేశారు. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే అది ఆఫ్‌సైడ్ కాదంటున్నారు. గొడవ ముదిరి, చివర్లో మీ కుర్రాళ్లు గ్రౌండ్ వదిలి వచ్చేశారు. మళ్లీ ఆడించమంటే కమిటీ పెద్దలు "రిఫరీ మాటే ఆఖరు, ఖతార్ మీద ఇండియాకే దిక్కు లేదు, మీరెంత" అన్నారు. ఇప్పుడు మీరు అడిగేది, రీమ్యాచ్ అడగొచ్చా అని. దాంతోపాటు వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ తీర్పు సరిచూసే పద్ధతి, వచ్చాక కూడా ఈ గొడవలేంటి, పాతకాలం రిఫరీలే నయమా అని.

నేను కోనసీమలో హైస్కూల్ డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. స్కూల్ గేమ్స్ నుంచి జిల్లా మ్యాచ్‌ల దాకా ఈల ఊదాను. మీ త్రో గోలు మీద అడగొచ్చండి, అడగాలి కూడా. ఆఫ్‌సైడ్ మీద అడిగితే మాత్రం నవ్వుతారు. మీ కమిటీవాళ్లు రెంటినీ ఒకే గాటన కట్టేశారు, మీరు కూడా కోపంలో అదే పని చేశారు.

రిఫరీ కన్ను తప్పొకటి, రిఫరీకి రూలు తెలియకపోవడం ఒకటి. మొదటిదానికి అప్పీలు లేదు. రూల్ బుక్కులో అయిదో రూలు ఈ మాటే చెబుతుంది. ఆటలో జరిగిన సంగతుల మీద, అంటే గోలయిందా లేదా అన్నదానితో సహా, రిఫరీ నిర్ణయమే ఆఖరు. ఆట తిరిగి మొదలైందంటే ఆయనకి కూడా దాన్ని మార్చే అధికారం లేదు. రెండోది వేరే సంగతి. బంతి ఎక్కడ పడిందో సరిగ్గానే చూసి, దానికి రూల్లో లేని తీర్పు ఇస్తే, ఆ మ్యాచ్ మళ్లీ ఆడించిన సందర్భం ఉంది. దాని గురించి కాస్త ఆగి చెబుతాను, ముందు ఖతార్ సంగతి తేల్చాలి. మీ పెద్దలు ఆ మ్యాచ్‌ని అడ్డం పెట్టుకున్నారు కాబట్టి.

2024 జూన్ 11, దోహా. వరల్డ్‌కప్ క్వాలిఫయర్. మన కెప్టెన్ సునీల్ ఛెత్రి అయిదు రోజుల ముందే కోల్‌కతాలో కువైట్ మీద, అప్పటికి ఆఖరిదనుకున్న మ్యాచ్ ఆడి తప్పుకున్నాడు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు కెప్టెన్. 37వ నిమిషంలో ఛాంగ్తే కొట్టిన గోలుతో మనం ముందున్నాం. గెలిస్తే మూడో రౌండుకి వెళ్లేవాళ్లం. 73వ నిమిషంలో ఖతార్ ఆటగాడు యూసుఫ్ ఐమన్ తలతో కొట్టిన బంతిని గుర్‌ప్రీత్ ఆపాడు. అది చేతిలో నిలవక దొర్లుకుంటూ పోస్టు పక్కనుంచి గీత దాటేసింది. హష్మీ అల్ హుసేన్ దాన్ని కాలితో లోపలికి లాగాడు, ఐమన్ వలలోకి నెట్టాడు. మనవాళ్లు కార్నర్ అనుకుని ఆగిపోయారు. కొరియా రిఫరీ కిమ్ వూ సంగ్ గోలిచ్చాడు. ఆ మ్యాచ్‌కి వీఏఆర్ లేదు. 85వ నిమిషంలో ఇంకోటి పడింది, 2-1, ఇంటికొచ్చేశాం. మన ఫెడరేషన్ ఫిర్యాదు చేసింది గానీ ఫలితం మారలేదు.

ఎందుకు మారలేదు? అది కన్ను తప్పు. బంతి బయటికి పోతే కార్నరివ్వాలని ఆ రిఫరీకి తెలియక కాదు, పోయిందని చూడలేదు. చూడాల్సినవాడు అసలు లైన్స్‌మన్. ఆయన ఉండాల్సిన చోటు చివరినుంచి రెండో డిఫెండర్‌కి సరిగ్గా ఎదురుగా, బంతి ఇంకా ముందుకు పోతే బంతికి ఎదురుగా. అంటే కీపర్ ఆపిన బంతి గీతవైపు దొర్లుతుంటే ఆయన కార్నర్ జెండా దాకా పరుగెత్తి, గీతకి వరసలో కన్ను పెట్టాలి. మూడు గజాలు వెనకబడితే చాలు, పచ్చిక మీద బంతికీ గీతకీ మధ్య ఖాళీ కనిపించదు. మధ్యలో కీపర్ ఒళ్లు, నలుగురి కాళ్లు. టీవీలో మనం చూసింది ఆయన నిలబడ్డ చోటునుంచి కాదు. అందుకే నేను ఏ తీర్పు గురించి వాదన వచ్చినా ముందు అడిగేది ఒకటే, ఆయన ఎక్కడ నిలబడి చూశాడు అని. అమ్ముడుపోయాడా లేదా అన్నది తర్వాతి సంగతి, మనవాళ్లు ఎప్పుడూ దాంతోనే మొదలెడతారు.

తప్పు మనవాళ్లది కూడా ఉంది. ఈల వినపడకుండా ఆగిపోవడమేంటి? చేతులెత్తి నిలబడితే రిఫరీ జాలిపడతాడా? మా స్కూలు పిల్లలకి నేను మొదటి రోజు చెప్పేది అదే.

గీత దాటడమంటే ఏంటో కూడా చెప్పాలి, మీ ప్రశ్న కింద ఒకాయన తప్పు రాశారు. బంతి మొత్తంగా, నేలమీద గానీ గాల్లో గానీ, గీతని దాటిపోవాలి. పైనుంచి చూస్తే బంతి అంచు గీతమీద వెంట్రుకవాసి ఉన్నా అది లోపలే. 2022 డిసెంబర్ 1న వరల్డ్‌కప్‌లో జపాన్, స్పెయిన్ మ్యాచ్‌లో జపాన్ ఆటగాడు మితోమా వెనక్కి తోసిన బంతి ఇలాంటిదే. పక్కనుంచి తీసిన ఫొటోలో బంతికీ గీతకీ మధ్య పచ్చగడ్డి కనపడుతోంది, ప్రపంచమంతా బయటికి పోయిందంది. పైనున్న కెమెరాలో అంచు ఇంకా గీతమీదే ఉంది, 1.88 మిల్లీమీటర్లని లెక్క చెప్పారు. తనాకా గోలు నిలబడింది, జపాన్ 2-1తో గెలిచింది, అదే గ్రూపులో ఉన్న జర్మనీ ఇంటికి పోయింది. పచ్చగడ్డి ఎందుకు కనపడిందంటే బంతి నేలకి ఆనేది ఒక్క చుక్క దగ్గర, దాని పొట్ట చుట్టూ పదకొండు సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. రూలు ప్రకారం గీత వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు. మన దగ్గర కోసిన వరిచేలో, కొయ్యకాళ్ల మీద సున్నం పోస్తే ఒకచోట జానెడు, ఒకచోట మూరెడు ఉంటుంది. మంచుకి తడిసి మధ్యాహ్నానికి ఒకవైపు గీతే ఉండదు. అలాంటి చేలో లైన్స్‌మన్‌ని తిట్టేముందు గీత ఎవరు వేశారో కనుక్కోండి.

ఇప్పుడు రూలు తప్పు. 2005 సెప్టెంబర్ 3, తాష్కెంట్. 2006 వరల్డ్‌కప్‌కి ఉజ్బెకిస్తాన్, బహ్రెయిన్ ప్లేఆఫ్. ఉజ్బెక్‌లు 1-0తో ముందుండగా పెనాల్టీ వచ్చింది, కొట్టారు, గోలైంది. కొట్టేలోగా ఉజ్బెక్ ఆటగాడొకడు పెనాల్టీ ఏరియాలోకి దూరాడు. అలాంటప్పుడు గోలైతే పెనాల్టీ మళ్లీ కొట్టించాలి, అప్పటి రూలు అంతే. జపాన్ రిఫరీ యోషిదా మాత్రం గోలు రద్దుచేసి బహ్రెయిన్‌కి ఫ్రీకిక్ ఇచ్చాడు. ఆయన కన్ను సరిగ్గానే చూసింది, దూరినవాణ్ణి పట్టుకుంది. రూలే తప్పింది. మ్యాచ్ 1-0గా ముగిసింది. ఉజ్బెక్‌లు మాకు 3-0 గెలుపు ఇవ్వండని ఫిర్యాదు చేశారు. ఫిఫా అది ఇవ్వలేదు, గెలిచిన 1-0ని కూడా రద్దుచేసి మ్యాచ్ మొదటినుంచీ ఆడమంది. రెండోసారి తాష్కెంట్‌లో 1-1, తర్వాత బహ్రెయిన్‌లో 0-0. మొత్తం సమమైతే అవతలి ఊళ్లో కొట్టిన గోలుకి ఎక్కువ విలువ, ఆ లెక్కలో బహ్రెయిన్ ముందుకెళ్లింది, ఫిర్యాదు చేసినవాళ్లే మునిగారు. గెలిచిన మ్యాచ్ మీద ఫిర్యాదు చేసి పోగొట్టుకోవడమంటే ఇదే. మీరు ఓడారు కాబట్టి మీకు ఆ భయం లేదనుకోండి.

మీ త్రో గోలు ఈ కోవలోకి వస్తుంది. పదిహేనో రూలు చాలా సూటిగా ఉంటుంది. త్రోనుంచి నేరుగా గోలు ఇవ్వడానికి లేదు. అవతలివాళ్ల గోల్లో పడితే గోల్‌కిక్, అంటే బంతి వాళ్లకే. విసిరినవాడు పొరపాటున తన గోల్లోనే వేసుకుంటే కార్నర్. పనిలో పనిగా, మీ ఫ్రెండ్ ఎవరో "త్రో అందుకున్నవాడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడు" అని వాదించాడన్నారు. త్రోకి ఆఫ్‌సైడ్ లేదు. గోల్‌కిక్‌కి, కార్నర్‌కి కూడా లేదు.

అయితే ఒక మెలిక ఉంది, మీ కేసంతా దాని మీదే ఉంటుంది. త్రో బంతి వలలో పడేలోగా కీపర్ గోరు తగిలినా అది గోలే. తగిలిందా లేదా అన్నది కన్ను సంగతి, అందులో రిఫరీ మాటే ఆఖరు. ఆయన "కీపర్ వేలికి తగిలింది, నేను చూశాను" అంటే అక్కడితో సరి, మీ వీడియోని పెట్టెలో పెట్టుకోండి. "ఎవరికీ తగల్లేదు, నేరుగా పడింది, గోలిచ్చాను" అంటే ఆయన రూలు తప్పినట్టు తన నోటితోనే ఒప్పుకున్నట్టు. కాబట్టి మీరు మొదట చేయాల్సింది ఆయన దగ్గర రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోమని కమిటీని అడగడం. వీడియో చూపించకముందే తీసుకోవాలి. చూపించాక అడిగితే ఏ మనిషైనా తనకి అనుకూలంగా గుర్తు చేసుకుంటాడు, అందులో ఆయన్ని తప్పుపట్టలేం.

పాతకాలం నయమా అన్నారు. ఇంగ్లండ్‌లో 1891కి ముందు ఒక్కో జట్టు ఒక్కో అంపైర్‌ని తెచ్చుకునేది. వాళ్లిద్దరికీ పొసగకపోతే బయట కూర్చున్న రిఫరీని అడిగేవారు. 1891లో రిఫరీని లోపలికి పంపి, అంపైర్లని గీత మీదికి తోశారు. పెనాల్టీ కిక్ కూడా అదే ఏడాది వచ్చింది. గోలుకి వల కట్టడం లివర్‌పూల్ ఇంజనీరు బ్రోడీ పుణ్యం, అది కూడా ఆ కాలం నాటిదే. మన పోటీల్లో ఇప్పటికీ జట్టుకొక మనిషి జెండా పట్టుకుని నిలబడటం చూస్తుంటే మనం ఇంకా 1890లోనే ఉన్నామనిపిస్తుంది. వల మాత్రం మనకి కొరత లేదు, అంతర్వేది వైపు చేపల వలలు పాతవి అడిగితే ఇస్తారు. కానీ ఒక్క కన్ను చిరిగినా బంతి అందులోంచి బయటికి పోయి, లోపల పడిందా పక్కనుంచి పోయిందా అని గంట గొడవ.

వరల్డ్‌కప్‌లో కూడా పాతకాలం ఏమంత గొప్పగా లేదు. 1966 జూలై 30, వెంబ్లీలో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ ఫైనల్, 2-2 మీద అదనపు సమయం. ఇంగ్లండ్ ఆటగాడు హర్స్ట్ కొట్టిన బంతి పై కర్రకి తగిలి కిందపడి బయటికొచ్చింది. స్విస్ రిఫరీ డీన్స్ట్‌కి కనపడలేదు. లైన్స్‌మన్ బహ్రామోవ్ దగ్గరికెళ్లి అడిగాడు, ఆయన గోలన్నాడు. సోవియట్ అజర్‌బైజాన్ మనిషి ఆయన. ఇప్పుడు బాకూలో స్టేడియానికి ఆయన పేరే. బంతి మొత్తం దాటిందని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు. 1986 జూన్ 22న అర్జెంటీనా ఆటగాడు మారడోనా ఇంగ్లండ్ మీద చేత్తో వేసిన గోలు సంగతి అందరికీ తెలుసు. ట్యునీషియా రిఫరీ అలీ బిన్ నాసర్ తనకి కనపడక బల్గేరియా లైన్స్‌మన్ దోచెవ్ వైపు చూశాడు, ఆయన జెండా ఎత్తలేదు. రిఫరీ ఏం చేస్తాడు? తనకన్నా మంచి చోట నిలబడ్డ సాటివాడి మాటే పట్టుకోవాలని అప్పటికి చెప్పిన పద్ధతి. మారడోనా 2015లో ట్యునీషియా వెళ్లి ఆయన్ని ఇంట్లోనే కలిసి జెర్సీ ఇచ్చాడు. ఆ మ్యాచ్ బంతి బిన్ నాసర్ దగ్గరే ఉండిపోయింది, 2022లో వేలం వేస్తే 20 లక్షల పౌండ్లు పలికింది. ఇంగ్లండ్‌వాళ్లకి కడుపు మండే ఉంటుంది.

2010లో మళ్లీ ఇంగ్లండే. జర్మనీ మీద లాంపార్డ్ కొట్టిన బంతి గీతకి అడుగుపైన లోపల పడి బయటికొచ్చింది, ఇవ్వలేదు. దాంతోనే గోల్‌లైన్ టెక్నాలజీకి దారి తెరుచుకుంది. 2012లో అనుమతిచ్చారు, 2014 వరల్డ్‌కప్‌లో వాడారు. గీత గొడవకి అది నిజంగా మందు. బంతి దాటితే రిఫరీ చేతి గడియారంలో కబురొస్తుంది, ఇక వాదన ఉండదు.

మన పాతవాళ్ల గురించి అడిగారు కాబట్టి ఒక పేరు చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తెలుసు కదా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణానికి తీసుకెళ్లినాయన. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు, తర్వాత ఫిఫా రిఫరీ అయ్యాడు, 1988 ఏషియన్ కప్‌లో ఈల ఊదాడు. పెద్ద ఆట ఆడినవాడు ఈల పట్టుకోవడం మన దగ్గర అరుదు. ఇప్పుడు ఎవరూ పట్టుకోరు, అందుకే మీ ఫైనల్‌కి త్రో రూలు తెలియనివాడు దొరికాడు. కోడిపందెం బరిలో లక్షలు పోయినా తీర్పు చెప్పినవాణ్ణి ఎవడూ ఏమీ అనడు, ఫుట్‌బాల్ రిఫరీకి మాత్రం పోటీ అయ్యాక బండి ఎక్కే దారి ఉండదు.

వీఏఆర్ మాట. 2018లో రూల్ బుక్కులోకి ఎక్కినప్పుడు నాలుగింటికే పెట్టారు: గోలు, పెనాల్టీ, నేరుగా రెడ్ కార్డు, ఒకడికి బదులు ఇంకొకడికి కార్డు పడటం. అదీ రిఫరీ తప్పు స్పష్టంగా ఉంటేనే. ఆఫ్‌సైడ్‌లో అది బాగా పనిచేస్తుంది. 2022 వరల్డ్‌కప్‌లో పైకప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటిమీద 29 చోట్లని సెకనుకి 50 సార్లు పట్టుకున్నాయి, బంతిలోని సెన్సార్ సెకనుకి 500 సార్లు కబురు పంపింది. మీ ఫోన్ వీడియో దీని ముందు ఎంతండి? సెకనుకి 30 బొమ్మలు. పరుగెత్తేవాడు ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య పాతిక సెంటీమీటర్లు జరిగిపోతాడు, డిఫెండర్ ఎదురొస్తుంటే ఇంకా ఎక్కువ. పైగా ఫోన్ పట్టుకున్నవాడు గోల్ వెనక కొబ్బరిచెట్టు దగ్గర నిలబడ్డాడని మీరే రాశారు. అక్కడినుంచి ఎవరు ముందో ఎవరు వెనకో దేవుడికి కూడా తెలియదు. ఆఫ్‌సైడ్ మీద మీ ఫిర్యాదు వదిలేయమన్నది అందుకే.

యంత్రం ఉన్నా నడిపేవాడు మనిషే. 2023 సెప్టెంబర్ 30న టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోలు కొట్టాడు, లైన్స్‌మన్ ఆఫ్‌సైడన్నాడు. వీఏఆర్ గదిలో గీతలు గీసి చూసి, ఆఫ్‌సైడ్ కాదని తేల్చారు. కానీ గ్రౌండ్‌లో గోలిచ్చారనే అనుకుని "సరిపోయింది" అని చెప్పేశారు. తప్పు తెలిసేలోగా ఫ్రీకిక్‌తో ఆట మొదలైపోయింది, ఇక అయిదో రూలు అడ్డం. చేతికి తగిలిన బంతి సంగతైతే ఏ కెమెరాకీ లొంగదు. 2024 యూరో క్వార్టర్స్‌లో స్పెయిన్ ఆటగాడు కుకురెయా చేతికి బంతి తగిలితే ఆంథొనీ టేలర్ పెనాల్టీ ఇవ్వలేదు. జర్మనీవాళ్లు ఎంత రగిలారంటే తర్వాతి సెమీఫైనల్లో కుకురెయా బంతి తాకినప్పుడల్లా స్టేడియం అరుపులే. చేయి ఒంటిని అసహజంగా పెద్దది చేసిందా అన్నది రూలు అడిగే ప్రశ్న. దానికి వంద కెమెరాలు పెట్టినా జవాబు మనిషి చెప్పాల్సిందే.

ఇక మీకు నచ్చని సంగతి. మీ కుర్రాళ్లు గ్రౌండ్ వదిలి రావడం మీ కేసుకి పెద్ద దెబ్బ. 2023 మార్చి 3న మన దేశవాళీ లీగ్ ఐఎస్ఎల్ ప్లేఆఫ్‌లో బెంగళూరు తరఫున ఛెత్రి అదనపు సమయంలో ఫ్రీకిక్‌ని టకీమని కొట్టేశాడు, కేరళ బ్లాస్టర్స్ కీపర్ ఇంకా బంతికి అడ్డంగా ఆటగాళ్లని గోడలా సర్దుతున్నాడు. రిఫరీ క్రిస్టల్ జాన్ గోలిచ్చాడు. కోచ్ వుకొమనొవిచ్ జట్టుని బయటికి పిలిచేశాడు. మ్యాచ్ బెంగళూరుకి 1-0గా ఇచ్చేశారు, కేరళకి 4 కోట్ల జరిమానా, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం. ఈల కోసం ఆగాలా వద్దా అన్నదాంట్లో కేరళవాళ్లకి వాదన ఉండొచ్చు. బయటికొచ్చాక ఆ వాదన వినే దిక్కు లేదు. మీ పోటీ నియమాల కాగితంలో "ఆట మధ్యలో వదిలితే ఓటమి" అని రాసుంటే కమిటీ దాన్నే పట్టుకుంటుంది. ఆ కాగితం తెప్పించి చూడండి. రాసి లేకపోతే మీకు బలం ఉంది.

ఫిర్యాదులో ఆఫ్‌సైడ్ ఊసు ఎత్తకండి. రిఫరీని అమ్ముడుపోయాడని ఒక్క మాట రాయకండి. పదిహేనో రూలు, త్రో నేరుగా వలలో పడటం, రిఫరీ రిపోర్టు, ఈ మూడే రాయండి, కెప్టెన్ సంతకంతో. అడగాల్సింది కప్పు కాదు, మ్యాచ్ మొదటినుంచీ మళ్లీ ఆడించమని. రిఫరీ కావాలంటే కోనసీమ వైపునుంచి పరీక్ష పాసైన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, చించినాడ వంతెన దాటితే మీ ఊరు ఎంత దూరం. జెండాలు పట్టడానికి కూడా బయటివాళ్లనే పిలవండి, వాళ్ల పెట్రోలు ఖర్చు, భోజనం రెండు జట్లూ సగం సగం పెట్టుకోండి.